యూకేలో జీరో అవర్స్ కాంట్రాక్ట్ నిజంగా అంత టెన్షనా?

గంటకు జీతం బాగానే ఇస్తున్నప్పుడు, చదువుకుంటూ జీరో అవర్స్ ఉద్యోగం (వారానికి ఇన్ని గంటల పని ఇస్తామన్న హామీ లేని ఉద్యోగం) చేస్తే ఇబ్బందేమిటని అడిగారు.

లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక ఏజెన్సీ ద్వారా కేర్ హోమ్‌లో చేశాను. పెద్దవాళ్ళకు స్నానం చేయించడం, తినిపించడం కష్టమే కానీ ఆ పని నన్ను కుంగదీయలేదు. నా ప్రాణం తీసింది ఖాళీ రోజులు. షిఫ్టులు యాప్‌లో పడతాయి, ముందు నొక్కినవాళ్ళకే దక్కుతాయి. కూర పొయ్యి మీద ఉన్నా, క్లాసులో ఉన్నా చూపంతా ఫోన్ మీదే. పొద్దున్నే చలిలో బస్టాపు దాకా వెళ్ళాక "ఇవాళ అవసరం లేదు" అని మెసేజ్ వచ్చేది. జీతం పోయేది, పోనీ హాయిగా పడుకుందామన్నా కుదిరేది కాదు. ఇంకో షిఫ్ట్ పడుతుందేమోనని ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. మన ఊళ్ళలో కూలీల అడ్డా చూసుంటారు కదా, ఇక్కడ ఆ అడ్డా మన జేబులోనే ఉంటుంది.

రూలు ప్రకారం మనమూ షిఫ్ట్ వద్దనొచ్చు. అలా అన్న తర్వాత నాకు మాత్రం షిఫ్టులు తగ్గిపోయేవి. ఎందుకో ఎవరూ చెప్పరు.

స్టూడెంట్లకు ఇంకో చిక్కు. డిగ్రీ, ఎమ్మెస్సీ వాళ్ళకు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే పరిమితి. ఈ వారం పోయిన గంటల్ని వచ్చే వారం 30 గంటలు చేసి పూడ్చుకోలేం. అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే. ఇక్కడివాళ్ళకు ఆదాయం తగ్గితే యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ సాయం ఆదుకోవచ్చు, మన వీసా మీద అదీ రాదు.

న్యూజిలాండ్ 2016లోనే ఇలాంటి కాంట్రాక్టులకు అడ్డుకట్ట వేసింది. ఇక్కడ 2025 చివర్లో వచ్చిన చట్టంలో గ్యారంటీ గంటల మాట ఉంది గానీ, ఆ భాగం వెంటనే అమల్లోకి రాలేదు.

తప్పక చేరాల్సి వస్తే, "ఇంకెక్కడా పనిచేయకూడదు" అన్న షరతు 2015 నుంచి చెల్లదని గుర్తుంచుకోండి (రెండు చోట్ల చేసినా మొత్తం 20 దాటకూడదు). పనిచేసిన గంటలకు 12.07 శాతం లెక్కన హాలిడే పే (సెలవు రోజులకు జీతం) రావాలి, పేస్లిప్ చూసుకోండి. తేడా వస్తే ఉద్యోగ హక్కుల మీద సలహా ఇచ్చే అకాస్ సంస్థ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, సలహా ఉచితమే. గంటకు కాస్త తక్కువైనా, వారానికి పన్నెండు గంటలు ఖాయంగా ఇచ్చే పని దొరికితే నేనైతే అదే తీసుకుంటాను. చేరే ముందే షిఫ్ట్ ఎంత ముందుగా క్యాన్సిల్ చేస్తారో, చేస్తే డబ్బిస్తారో లేదో అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.