ల్యాండ్ స్టీవార్డ్ పనిలో అడవి కొంత, హద్దుల పంచాయితీ చాలా

బోస్టన్ దగ్గర ఉంటున్నారు, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎం.ఎస్. చేశారు, మీ ఊరి ల్యాండ్ ట్రస్టులో స్టీవార్డ్ పోస్టు పడింది. అప్లై చేయవచ్చా, రోజంతా అడవిలో తిరగడమేనా అని అడిగారు. నేను మసాచుసెట్స్‌లోనే రెండు చిన్న ట్రస్టులకు పార్ట్ టైమ్‌గా ఈ పని చేస్తున్నాను. తిరగడం ఉంటుంది. కానీ మ్యాపు, టేపు, దస్తావేజు నకలు లేకుండా తిరగడం ఉండదు. పిట్టల్ని చూస్తూ నడిస్తే జీతమిస్తారని అనుకుంటే మాత్రం వద్దులెండి.

అడవులు, పొలాలు ఇళ్ల స్థలాలుగా మారిపోకుండా కాపాడే ఈ ల్యాండ్ ట్రస్టులు ప్రభుత్వానివి కావు. 1891లో చార్లెస్ ఎలియట్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ పూనికతో 'ట్రస్టీస్ ఆఫ్ రిజర్వేషన్స్' అనే ట్రస్టు ఇక్కడే పుట్టింది. ఇప్పుడు ఈ ఒక్క రాష్ట్రంలోనే వందకు పైగా ట్రస్టులున్నాయి. చిన్నవాటికి సొంత ఆఫీసు కూడా ఉండదు, ఫైళ్లన్నీ ట్రెజరర్ గారింట్లోనే. కొంత భూమిని కొనో, దానంగా తీసుకునో సొంతం చేసుకుంటారు. మిగతాది యజమాని పేరనే ఉంటుంది. ఇళ్లు కట్టుకునే హక్కు, ప్లాట్లు వేసి అమ్ముకునే హక్కు మాత్రం ఆయన శాశ్వతంగా వదులుకుంటాడు. ఈ ఒప్పందాన్ని ఇక్కడ కన్జర్వేషన్ రిస్ట్రిక్షన్, వాడుకలో సీఆర్ అంటారు. ఊరి పాలకవర్గం, రాష్ట్ర పర్యావరణ శాఖ ఒప్పుకుని, రిజిస్ట్రీలో ఎక్కితేనే అది చెల్లుతుంది. ఆ తర్వాత భూమి ఎన్ని చేతులు మారినా షరతు వదలదు.

ఆ షరతు నిలబడుతోందా లేదా అని ఏటా కనీసం ఒకసారి వెళ్లి చూసి, రాసి, ఫైల్లో పెట్టడమే స్టీవార్డ్ అసలు పని. బేస్‌లైన్ రిపోర్టని ఒకటుంటుంది. సీఆర్ రాసేనాటికి భూమి ఎలా ఉందో ఫొటోలతో, మ్యాపులతో, ఇరుపక్షాల సంతకాలతో తయారుచేసినది. కోర్టుకెక్కితే మన చేతిలో ఉండే ఆయుధం అదే.

నాకు బాగా ఇష్టమైన భాగం పాత దస్తావేజులు చదవడం. ఫలానా తెల్ల ఓక్ చెట్టు నుంచి రాతిగోడ వెంట ఇన్ని రాడ్లు, అక్కడి నుంచి రాళ్ల కుప్ప దాకా అని రాసుంటుంది. ఆ ఓక్ ఎప్పుడో పోయింది. రాడ్ అంటే పదహారున్నర అడుగులు, నాలుగు రాడ్లయితే ఒక గొలుసు, 66 అడుగులు. మన ఊళ్లలో సర్వేయర్లు ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం)లో లింకుల్లో కొలతలు వేస్తారు చూడండి, ఆ లింకులు వంద కలిస్తే ఈ గొలుసే. చిన్నప్పుడు నాన్న పొలం కాగితాలతో కుస్తీ పట్టడం చూసినవాణ్ణి కాబట్టి ఇది నాకు కొత్తగా అనిపించలేదు. గోడలంటే ఒకప్పుడు రైతులు అడవి నరికి, పొలాల్లో, గొర్రెల బీళ్లలో తేలిన రాళ్లను ఏరి పేర్చినవి. ఇప్పుడు చెట్లు మళ్లీ కమ్ముకున్నాయి, గోడలు అడవి మధ్యలో మిగిలాయి. ఆకుల కింద వెతికి వెతికి హద్దు గుర్తుగా పాతిన ఇనుప కడ్డీయో, రాతిలో తొలిచిన చిన్న రంధ్రమో దొరికిందంటే ఆ రోజు పండగే.

ఇక ఆక్రమణలు. మన దగ్గరైతే రాత్రికి రాత్రి ప్రహరీ లేస్తుంది. ఇక్కడ లాన్‌మోవర్ ఏటా ఒక వరస ముందుకు జరుగుతుంది. ఊడ్చిన ఆకులు హద్దు అవతల పోస్తారు, ఆ పక్కనే పిల్లల ఉయ్యాల వస్తుంది, తర్వాత కట్టెల షెడ్డు. మనవాళ్లూ తక్కువ తినలేదు. ఒకసారి ట్రస్టు భూమిలో, కడ్డీకి పది పన్నెండడుగులు అవతల, వెదురు బొంగులతో సొరపాదుకు పందిరి, కింద రెండు మళ్లు గోంగూర కనిపించాయి. తలుపు తడితే తెలుగువాళ్లే. "అక్కడైతే ఎండ బాగా పడుతుందని వేశాం అన్నయ్య గారూ. మనవాళ్లే కదా, చూసీ చూడనట్టు పొండి" అంది ఆ ఇంటావిడ. "రేపు పక్కింటాయన ఇక్కడ షెడ్డు వేస్తే నేనేం చెప్పనమ్మా?" అన్నాను. ఆమె భర్త వచ్చాక ఇద్దరం ప్లాను చూసుకుని కడ్డీ నుంచి కడ్డీకి తాడు కట్టాం. తాడు కళ్లెదుట కనబడితే వాదన సగం తగ్గిపోతుంది. మంచు పడేదాకా కాపు కోసుకోవడానికి ట్రస్టు బోర్డు ఒప్పుకుంది, ఆ తర్వాత పందిరి తీసేశారు. ఇదంతా ఫొటోలతో సహా ఫైల్లో ఉంది. నోటిమాటగా వదిలేస్తే కొన్నేళ్ల తర్వాత అదే వాళ్ల హక్కని వాదన లేస్తుంది.

సీఆర్ రాసిచ్చిన మనిషితో పేచీ రావడం తక్కువ, ఆయనకు ఆ నేల మీద ప్రేమ ఉంటుంది. పేచీ అంతా వారసులతో, కొత్తగా కొన్నవాళ్లతో. అందుకే ఆస్తి చేతులు మారిందని తెలియగానే నేనే వెళ్లి కలిసి, షరతులు మామూలు మాటల్లో చెప్పి వస్తాను. లాయరు నోటీసు కంటే ఇది చాలా చవక. కోర్టు ఖర్చులు చిన్న ట్రస్టుని ముంచేస్తాయి. ఆ భయంతోనే దేశంలోని ట్రస్టులు కొన్ని కలిసి 2013లో టెర్రాఫర్మా అని తమ సొంత బీమా మొదలుపెట్టుకున్నాయి.

కలుపు పనీ ఉంటుంది. ఓరియంటల్ బిటర్‌స్వీట్ తీగ చెట్టుకు చుట్టుకుని నులిమేస్తుంది. నేల దగ్గర ఒకసారి, ఛాతీ ఎత్తులో ఒకసారి కోసి, పైది అలాగే ఎండనివ్వాలి. లాగితే కొమ్మలు నెత్తిన పడతాయి. మొలకలను మాత్రం నారింజ రంగు వేరుతో సహా పీకాలి. జపనీస్ నాట్‌వీడ్ ఇంకా మొండిది, చిన్న దుంప ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది. మందు కొట్టాలంటే రాష్ట్ర లైసెన్సు కావాలి, చెరువో చిత్తడో పక్కనుంటే ఊరి కన్జర్వేషన్ కమిషన్ అనుమతీ కావాలి.

పిడుదులతో జాగ్రత్త. అవి కుడితే వచ్చే లైమ్ వ్యాధి ఇక్కడ మామూలు. మే నుంచి జూలై దాకా పిల్ల పిడుదులు గసగసాలంత ఉంటాయి, కంటికి ఆనవు. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించండి, ఇంటికి రాగానే స్నానం చేసి ఒళ్లంతా చూసుకోండి. ఇంకోమాట, ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. మన రంగు మనిషి ఇళ్ల వెనక కాగితాలు పట్టుకుని తిరుగుతుంటే కొందరు పోలీసులకు ఫోన్ చేస్తారు. ట్రస్టు పేరున్న చొక్కా, ముందురోజు ఫోన్ కాల్ తప్పనిసరి. జింకల వేట సీజన్లో నారింజ రంగు వెస్టు సరేసరి.

జీతం ఐటీతో పోల్చకండి, చాలా పోస్టులు పార్ట్ టైమే. హెచ్4 (డిపెండెంట్) వీసా మీద ఉండి ఈఏడీ (పని అనుమతి పత్రం) లేకపోతే జీతం తీసుకోకూడదు, జీతముండే పోస్టునే వాలంటీరుగా చేస్తానన్నా చిక్కే, లాయరుని అడగండి. శనివారాల్లో కలుపు పీకడానికి పిలిచే వర్క్‌డేలు వేరు. వాటికి ఒకటి రెండుసార్లు వెళ్తే బోర్డులో ఎవరెవరున్నారో, ఎలాంటివాళ్లో తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూలో మూడు అడగండి. అన్ని సీఆర్‌లకూ బేస్‌లైన్ ఉందా, మానిటరింగ్‌కి, కోర్టు ఖర్చులకి వేరుగా నిధి ఉందా, పోయిన ఏడాది రిపోర్టులు చూపిస్తారా అని. రిపోర్టులు లేవంటే మీ మొదటి ఏడాదంతా ఆ పాత బకాయి తీర్చడానికే పోతుంది. వారానికి పది గంటల్లో అది తెమలదు, గంటల సంగతి ముందే తేల్చుకుని చేరండి.