ఆలోచనలు: రాయడం, ఏరడం, పరీక్షించడం

ప్రశ్న: మా బృందంలో ఆరుగురం. కొత్త ఆలోచనల కోసం గంటసేపు కూర్చుంటే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. చివరికి పది కూడా తేలవు. ఎందుకిలా?

జవాబు: ఒకరు మాట్లాడుతుంటే మిగతా ఐదుగురూ తమ వంతు కోసం ఆగాలి. బుర్రలో మెరిసింది ఆ లోపే చల్లారిపోతుంది. 1987లో డీల్, స్ట్రోబె అనే పరిశోధకులు తమ ప్రయోగాల్లో ప్రధానంగా గుర్తించిన అడ్డంకి ఇదే. కాబట్టి మాటలు ఆపి రాయండి. 1968లో బెర్న్ద్ రోర్‌బాఖ్ ప్రతిపాదించిన 6-3-5 పద్ధతి మీ ఆరుగురికీ అతికినట్టు సరిపోతుంది. తలా ఒక కాగితం తీసుకుని మూడు నిలువు గడులు, ఆరు అడ్డ వరుసలు గీయండి. ఐదు నిమిషాల్లో మొదటి వరుసలో మూడు ఆలోచనలు రాసి కాగితం పక్కవారికి ఇవ్వాలి. వాళ్లు పై వరుస చదివి, దాన్ని పొడిగిస్తూనో, పక్కదారి పట్టిస్తూనో కింద మరో మూడు రాస్తారు. ఆరు విడతలకు, అంటే అరగంటకు, ఆరు కాగితాల్లో కలిపి 108 గడులు నిండాలి. నాలుగో విడతలో కలాలు ఆగుతాయి. అక్కడ విరామం ఇవ్వకండి. సులువుగా తోచేవి అప్పటికి అయిపోయి ఉంటాయి, అంతే.

ఈ పద్ధతి చెడిపోయేది ఎక్కువగా ప్రశ్న దగ్గరే. ‘గొడుగును మెరుగుపరచడం ఎలా?’ అంటే ఎవరి దారి వారిది. ‘తడి గొడుగు లోపలికి తెచ్చినప్పుడు నేల తడవకుండా ఎలా?’ అని అడగండి. జవాబులోనూ ‘తొడుగు’ అని ఒక్క ముక్క రాస్తే పక్కవారికి ఏమీ అందదు. ‘పిడి దగ్గర చుట్టి ఉండి, ముడవగానే కిందికి లాగే తొడుగు’ అని రాయాలి.

ప్రశ్న: వచ్చినవాటిలోంచి ఓటింగుతో ఎంచుకుంటున్నాం. పైఅధికారి చెయ్యెత్తినదే ప్రతిసారీ గెలుస్తోంది.

జవాబు: మరి గెలవదా! ఓటు పక్కనపెట్టి, ఆలోచనలను పోల్చడానికి స్టువర్ట్ ప్యూ అనే డిజైన్ ఇంజనీరు రూపొందించిన పట్టిక వేయండి. ఇప్పుడు వాడుకలో ఉన్న ఉపాయాన్నే కొలబద్దగా పెట్టుకోండి. గొడుగు విషయంలో అది గుమ్మం పక్కన పెట్టిన బకెట్ అనుకుందాం. నేల పొడిగా ఉండటం, మోయడానికి బరువు, ఆరే సమయం, తయారీ సులువు: ఇలా ప్రతి అంశంలోనూ కొత్త ఆలోచన బకెట్ కన్నా మేలైతే +, తీసికట్టైతే −, సమానమైతే 0. తొడుగుకు మొదటిదాంట్లో + రావచ్చు, కానీ నీరు లోపలే నిలుస్తుంది కనుక ఆరే సమయంలో − పడుతుంది. చాలామంది ఇక్కడ గుర్తులు కూడేసి విజేతను ప్రకటిస్తారు. అది పొరపాటు. నేల తడవకూడదన్నదే అసలు సమస్య అయినప్పుడు అక్కడ − పడిన ఆలోచనను మిగతా మూడు + లు కాపాడలేవు. పట్టిక అసలు ఉపయోగం ఆ − ల దగ్గరే ఉంది: తొడుగు అడుగున నీరు కారి చేరే చిన్న గిన్నె పెడితే − పోతుందా? పోతే అది కొత్త ఆలోచన. దాన్ని కొలబద్దగా పెట్టి పట్టిక మళ్లీ వేయండి.

ప్రశ్న: ఎంచుకున్నాక నెలల తరబడి తయారుచేస్తాం. తీరా చూస్తే ఎవరూ వాడరు.

జవాబు: ‘ఇది నిజం కాకపోతే పనంతా వృథా’ అనే ఊహ ప్రతి ఆలోచనలోనూ ఒకటి ఉంటుంది. ముందు దాన్ని పరీక్షించండి. పామ్ పైలట్ అనే జేబు కంప్యూటర్ 1996లో మార్కెట్లోకి రాకముందు, దాని రూపకర్త జెఫ్ హాకిన్స్ అదే పరిమాణంలో చెక్క ముక్క జేబులో పెట్టుకుని తిరిగారు, రాసుకోవాల్సి వచ్చినప్పుడు దాన్నే తీసి రాస్తున్నట్టు నటించారు. గొడుగుకైతే ప్లాస్టిక్ సంచి కుట్టి పదిమందికి వారం పాటు ఇస్తే చాలు. ఎనిమిదో రోజున ఎంతమంది ఇంకా వాడుతుంటే ముందుకెళ్తారో ఆ సంఖ్య సంచులు పంచకముందే రాసి పెట్టండి. తర్వాత రాస్తే, వచ్చిన ఫలితానికి తగ్గట్టు అది జారిపోతుంది.

ప్రశ్న: ఓడిపోయినవి పారేయవచ్చా?

జవాబు: వద్దు. ఎందుకు పక్కనపెట్టారో ఒక్క వాక్యం రాసి దాచండి. అమెరికన్ కంపెనీ 3ఎంలో స్పెన్సర్ సిల్వర్ అనే శాస్త్రవేత్త 1968లో తేలిగ్గా ఊడొచ్చే జిగురు కనిపెట్టారు. దానితో ఏం చేయాలో తోచలేదు. 1974లో అదే కంపెనీలోని ఆర్ట్ ఫ్రై పుస్తకంలో జారిపోని గుర్తుచీటీ కోసం వెతుకుతుండగా అది అక్కరకొచ్చింది. 1980లో ఆ జిగురుతో చేసిన, అంటించి తీసేయగల పోస్ట్-ఇట్ చీటీలు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చాయి.