సింగపూర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సింగపూర్ ప్రయాణం గురించే ఉండటంతో, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ నగరానికే కేటాయించాం. నియమాలను ఉన్నవి ఉన్నట్లు చెప్పాను. మిగిలినవి నా అభిరుచిని బట్టి చెప్పిన మాటలు కనుక వాటితో విభేదించే స్వేచ్ఛ మీకు ఉంది.

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్తూ చాంగీ విమానాశ్రయంలో ఏడు గంటలు ఆగాలి. అక్కడి జలపాతం చూడవచ్చా? ఊళ్లోకి వెళ్లి రావచ్చా? (ఒక పాఠకురాలు, ఏలూరు)

జవాబు: మీరు అడిగిన జలపాతం 2019లో తెరిచిన ‘జ్యువెల్’ అనే గాజు భవనంలో ఉంది. కప్పు మధ్యనున్న వలయం నుంచి 40 మీటర్ల కిందికి నీరు దూకుతుంది. భవనాల లోపల కట్టిన జలపాతాల్లో ప్రపంచంలో ఇదే ఎత్తైనదని పేరు. అయితే జ్యువెల్ ఇమిగ్రేషన్ దాటిన తరువాత, అంటే ఊరి వైపున ఉంది కాబట్టి, విమానం మారే ప్రయాణికులు నేరుగా అక్కడికి నడిచి వెళ్లలేరు. మామూలుగా భారత పాస్‌పోర్టు ఉన్నవారికి సింగపూర్‌లో అడుగుపెట్టడానికి వీసా కావాలి. కానీ ఆస్ట్రేలియాతో సహా కొన్ని దేశాల వీసా చేతిలో ఉండి, 96 గంటల లోపు బయలుదేరే విమానానికి టికెట్ ఖరారై ఉన్న భారతీయులకు, మరికొన్ని షరతులకు లోబడి, వీసా లేకుండానే ప్రవేశం ఇస్తారు. తుది నిర్ణయం ఇమిగ్రేషన్ అధికారిదే. ఆ దారిలో వెళ్లదలిస్తే అరైవల్ కార్డును చేరే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచి ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా నింపవచ్చు. దానికి రుసుము అడిగే సైట్లు కనిపిస్తే నమ్మకండి.

ఏడు గంటల్లో ఊరంతా చుట్టిరావాలన్న ఆరాటం నాకు నచ్చదు. అనుమతి దొరికితే జ్యువెల్ చూసి, అక్కడే భోంచేసి తిరిగి రావడం మేలు. దొరకకపోయినా పెద్ద లోటేమీ లేదు. రెండవ, మూడవ టెర్మినళ్ల మధ్య తిరిగే స్కైట్రెయిన్ జ్యువెల్ గుండానే సాగుతుంది కనుక, కిటికీలోంచి జలపాతం కొద్ది క్షణాలపాటు ఎదురుగా కనిపిస్తుంది. మూడవ టెర్మినల్‌లో ప్రయాణికుల కోసమే పెంచిన సీతాకోకచిలుకల తోట ఉంది. పగటి వేళ అయితే అక్కడ గంటసేపు ఇట్టే గడిచిపోతుంది. ఒక్క విషయం మాత్రం మరవకండి: మొదటి మూడు టెర్మినళ్లలో భద్రతా తనిఖీ గేటు దగ్గరే జరుగుతుంది. కాబట్టి నీళ్ల సీసా ఖాళీ చేసుకుని, తనిఖీకి పట్టే సమయాన్ని కూడా లెక్కలో వేసుకుని ముందుగానే గేటుకు చేరుకోండి.

ప్రశ్న: హాకర్ సెంటర్లలో తినకపోతే సింగపూర్ చూసినట్టే కాదని ఒక మిత్రుడు అంటాడు. శాకాహారులు అటువైపు వెళ్లకూడదని మరొకరు అంటారు. మా అమ్మానాన్నలు శాకాహారులు. ఎవరి మాట నమ్మాలి? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: మీ మిత్రులిద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఒకప్పుడు వీధుల్లో బండ్ల మీద అమ్ముకునేవారిని 1970ల నుంచి 1986 వరకు ప్రభుత్వం నీళ్లు, మురుగు కాలువల వసతి ఉన్న కప్పుల కిందికి తరలించింది. అవే నేటి హాకర్ సెంటర్లు. ఈ సంస్కృతిని యునెస్కో 2020లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. నా దృష్టిలో ఆ ఊరి అసలు జీవితం కనిపించేది ఇక్కడే. ఆఫీసు కోటు వేసుకున్న మనిషీ, కూలిపని ముగించుకుని వచ్చిన మనిషీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఖాళీగా ఉన్న బల్ల మీద చిన్న టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఎవరో మరిచిపోయారని అనుకోకండి. ఆ చోటు తమదని గుర్తుపెట్టి, వరుసలో నిలబడటానికి వెళ్లారన్నమాట. తిన్న తరువాత ట్రేను మీరే తీసుకెళ్లి అరలో పెట్టాలి. 2021 నుంచి ఇది తప్పనిసరి. హలాల్ ట్రేలకు విడిగా అరలు ఉంటాయి కాబట్టి, పైనున్న బోర్డు చూసి పెట్టండి.

శాకాహారుల సంగతికి వస్తే, కూర పేరులో ఆకుకూర ఉన్నంత మాత్రాన అది శాకాహారం కాదు. కాంగ్‌కాంగ్ అనే తూటికూర వేపుడులో తరచుగా ఎండు రొయ్యల ముద్ద కలుపుతారు. చైనీయుల శాకాహార దుకాణాల్లో ఆ భయం ఉండదు, చాలా చోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. కానీ సోయాతో, గోధుమ జిగురుతో చేసిన వంటకాలు చూడటానికి అచ్చం మాంసంలాగే ఉంటాయి. అందువల్ల పెద్దవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి. అన్నిటికంటే తేలిక మార్గం లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్. అక్కడ మన వంటల దుకాణాలు చాలా ఉన్నాయి. దగ్గర్లోనే సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ అనే శాకాహార భోజనశాల కూడా ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఆఫీసుల వాళ్లు ఎక్కువగా వస్తారు కనుక, పెద్దలతో వెళ్లేవారు పదకొండున్నరకే కూర్చోవడం మంచిది.

ఖరీదైన రెస్టారెంటుకు వెళ్తే మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉన్నాయేమో చూడండి. మొదటిది 10 శాతం సర్వీసు చార్జీ, రెండవది 2024 నుంచి 9 శాతంగా ఉన్న జీఎస్టీ. సర్వీసు చార్జీ కలిపిన మొత్తం మీద పన్ను వేస్తారు కాబట్టి, 20 సింగపూర్ డాలర్లు అని రాసిన వంటకానికి చివరికి 23 డాలర్ల 98 సెంట్లు కట్టాలి. హాకర్ సెంటర్లో బోర్డు మీద ఎంత రాసి ఉంటే అంతే.

ప్రశ్న: ముస్తఫా సెంటర్‌లో కొనుగోళ్లు లాభమా? పన్ను తిరిగి ఇస్తారని విన్నాను. (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: లాభం కన్నా సౌకర్యం అనడం సబబు. లిటిల్ ఇండియాలోని ఈ పెద్ద దుకాణంలో బియ్యం నుంచి బంగారం వరకు ఒకే కప్పు కింద దొరుకుతాయి, అర్ధరాత్రి దాకా తెరిచి ఉంటుంది. ఎలక్ట్రానిక్ వస్తువుల ధరను మాత్రం ఇంటి దగ్గరే చూసుకుని వెళ్లండి, చాలాసార్లు తేడా ఏమీ ఉండదు. ఆదివారం సాయంత్రం అటు వెళ్లవద్దు. వలస కార్మికులకు వారంలో దొరికే ఆ ఒక్క సెలవు పూట లిటిల్ ఇండియా వీధులన్నీ కిటకిటలాడతాయి.

పన్ను వాపసు పథకంలో చేరిన దుకాణంలో కనీసం 100 డాలర్ల సరుకు కొన్న పర్యాటకులకు జీఎస్టీ తిరిగి వస్తుంది. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపాలి. నిర్వహణ రుసుము తీసేస్తారు కనుక 9 శాతం పూర్తిగా చేతికి రాదు. వస్తువులను అధికారులు చూడాలని అడగవచ్చు కాబట్టి, సూట్‌కేసు విమాన సంస్థకు అప్పగించకముందే విమానాశ్రయంలోని యంత్రం దగ్గర ఆ పని ముగించుకోండి.

ప్రశ్న: రెండు సాయంత్రాలే ఉన్నాయి. టికెట్ కొని ఏవి చూడాలి? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: ఒక సాయంత్రానికి టికెట్ అవసరమే లేదు. 2012లో తెరిచిన గార్డెన్స్ బై ద బేలో 25 నుంచి 50 మీటర్ల ఎత్తున్న ఉక్కు చెట్ల కింద రోజూ రాత్రి 7:45కు, 8:45కు జరిగే దీపాల ప్రదర్శన ఉచితం. అక్కడి గాజు భవనాల్లో ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే, నా ఓటు 35 మీటర్ల జలపాతం, మంచు తెరలు ఉన్న క్లౌడ్ ఫారెస్ట్‌కే. సింహం తల, చేప తోక ఉన్న మెర్లయన్ విగ్రహం ఎత్తు 8.6 మీటర్లే కనుక, ఫొటోల్లో చూసి పెంచుకున్న ఊహ అక్కడికి వెళ్లాక కాస్త తగ్గుతుంది.

రెండవ సాయంత్రం ఎత్తైన చోటి నుంచి నగరాన్ని చూడాలనుకుంటే, అందరూ వెళ్లే మెరీనా బే శాండ్స్ హోటల్‌కు బదులు పినకిల్ ఎట్ డక్స్‌టన్ అనే ప్రభుత్వ గృహ సముదాయం 50వ అంతస్తులోని వంతెన ఎక్కమంటాను. రుసుము స్వల్పం. సింగపూర్ నివాసుల్లో నూటికి ఎనభై మందికి దగ్గరగా ప్రభుత్వం కట్టిన ఇళ్లలోనే ఉంటారన్న మాటకు అర్థం అక్కడి నుంచి నాలుగు దిక్కులా కనిపిస్తుంది. అక్కడ నివాసముండేవారికి ఇబ్బంది కలగకుండా సందర్శకుల సంఖ్యకు పరిమితి పెట్టారు కాబట్టి, సూర్యాస్తమయానికి కొంత ముందుగానే చేరుకోండి. మెట్రో రైలులో బ్యాంకు కార్డుతో వెళ్తే ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి. బండిలో తినడమే కాదు, మంచినీళ్లు తాగడం కూడా నిషిద్ధం.