పాతకాలపు చైనా బల్లలు మేకుల్లేకుండా అన్నేళ్లు ఎలా నిలుస్తాయి?

మింగ్ కాలం (1368–1644) నాటి చైనా గట్టికర్ర బల్లల్ని పట్టి ఉంచేది మేకులు కాదు, ఒకదానిలో ఒకటి దిగే కర్ర అతుకులు.

ఒక కర్ర చివర కుసి (నాలుకలా పొడుచుకొచ్చే భాగం) చెక్కి, రెండో కర్రలో తొలిచిన రంధ్రంలోకి దించుతారు. అసలు తెలివి పైభాగంలో ఉంది. గాలిలో తేమ పెరిగితే కర్ర వెడల్పులో ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మేకులు కొట్టి బిగిస్తే పగిలిపోవచ్చు. అందుకే నాలుగువైపులా చట్రం పెట్టి, దాని లోపలి గాడిలో పలకను వదులుగా కూర్చోబెట్టేవారు. పలక కదులుతుంది, చట్రం కదలదు. వంగిపోకుండా పలక అడుగున అడ్డపట్టీలు ఉంటాయి.

ఉదాహరణకు ‘ఎనిమిది అమరుల బల్ల’. పేరు గంభీరంగా ఉన్నా, వైపుకు ఇద్దరు చొప్పున ఎనిమిది మంది కూర్చునే చతురస్రపు బల్ల అంతే. ఇలాంటి వాటిలో ఖరీదైనవి రోజ్‌వుడ్ జాతికి చెందిన హ్వాంగ్‌హ్వాలీ కర్రతో చేసేవారు.

చాలామంది పలకకీ చట్రానికీ మధ్య సన్నని సందు చూసి బల్ల పాడైందనుకుంటారు. అది కర్ర కదలడానికి వదిలిన చోటు. జిగురుతో పూడిస్తేనే పలక చీలే ప్రమాదం. అలాగని జిగురు అసలు వాడలేదనీ కాదు, కొన్ని అతుకుల్లో వాడేవారు.