జాతరలో హీరో, ఊరు దాటితే ఎవరో

ప్రశ్న: మేడమ్, నాకు 43 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో పాడుతున్నాను. గంగమ్మ జాతరలో స్టేజీ ఎక్కితే జనం పేరు పెట్టి అరుస్తారు, కాణిపాకం, పలమనేరు వైపు కూడా అంతే. మొన్న బెంగళూరులో ఒక హోటల్‌లో పాడితే ముప్పై మంది ఉన్నారు, వాళ్లూ ప్లేట్లలోంచి తలెత్తలేదు. మా గిటారిస్టేమో బాబ్ సీగర్ అని ఒక అమెరికా రాక్ గాయకుడి పేరు చెప్పి, "ఆయనకీ లేటుగానే పేరొచ్చింది" అంటాడు. నిజమేనా, ఊరికే నన్ను ఓదారుస్తున్నాడా?
— ఆర్కెస్ట్రా గాయకుడు, తిరుపతి

జవాబు: నిజమే, కాకపోతే సగమే చెప్పాడు.

సీగర్‌ది కార్ల ఫ్యాక్టరీలుండే డెట్రాయిట్ ప్రాంతం. 1969 మొదట్లో ఒక పాట అమెరికా టాప్ 20లోకి వెళ్లింది, ఇక దశ తిరిగిందనుకున్నారు, తిరగలేదు. తర్వాత ఏడేళ్లు వ్యాన్లలో తిరుగుతూ ఎవరు పిలిస్తే అక్కడ పాడాడు. 1976 జూన్‌లో డెట్రాయిట్ పక్కనే పాంటియాక్ స్టేడియంలో దాదాపు 80 వేల మంది ముందు పాడి, మర్నాడు రాత్రి షికాగో వెళ్తే అక్కడ వెయ్యి మంది కూడా లేరు. మీకు తిరుపతి నుంచి బెంగళూరు ఎంతసేపో, వాళ్లకు ఆ ప్రయాణం దాదాపు అంతే. కాబట్టి మీ ముప్పై మందిని చూసి కుంగిపోకండి.

ఇక చెప్పని సగం. 1975 సెప్టెంబరులో సొంత ఊళ్లోని కోబో హాల్‌లో, తనను నెత్తిన పెట్టుకునే జనం మధ్య పాడిన పాటల్ని రికార్డు చేయించి మరుసటి ఏడాది ఆల్బమ్‌గా వదిలాడు. డెట్రాయిట్‌లో ఏం జరుగుతోందో బయటివాళ్లకు అప్పుడు తెలిసింది. అదే ఏడాది చివర వచ్చిన 'నైట్ మూవ్స్'తో దేశమంతా పేరొచ్చింది. అప్పటికి ఆయనకు 31. మీకు 43. ఈ లెక్క మీ గిటారిస్టు చెప్పి ఉండడు.

నేనైతే బెంగళూరు వెంట పడను. వచ్చే జాతరకి మిక్సర్ నుంచి ఒక లైను తీసి, జనం వైపు ఒక మైకు పెట్టి మొత్తం రికార్డు చేయిస్తాను. ఖాళీ స్టూడియోలో ట్రాక్ మీద పాడితే ఆ ఊపు రాదు. అసలు చిక్కు ఇంకోటుంది. సీగర్ చాలావరకు తన పాటలు తానే రాసుకున్నాడు. మీరు పాడేవన్నీ సినిమా పాటలైతే ఎంత బాగా రికార్డు చేసినా ఆ పాటల హక్కులు మీవి కావు. సొంతవి రెండైనా ఉన్నాయా? ఉత్తరంలో ఆ మాటే లేదు.

ప్రశ్న: మా ఆయన కూడా ప్రోగ్రాంలకు తిరుగుతారు. ముహూర్తాలప్పుడు పిల్లలకు కనపడరు. ఆషాఢమంతా ఇంట్లోనే ఉంటారు కానీ చేతిలో డబ్బులుండవు. మానేయమంటే కోపం.
— ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: పై ఉత్తరంలోని సీగరే 1996 తర్వాత పిల్లల కోసం దాదాపు పదేళ్లు టూర్లు ఆపేసి, మళ్లీ 2006లో స్టేజీ ఎక్కాడు. అయితే అమ్ముడుపోయిన రికార్డుల డబ్బు ఆయన వెనక ఉంది, మీ ఆయన వెనక ఉన్నది మీరే. కాబట్టి మానేయమనొద్దమ్మా. అడ్వాన్స్ తీసుకునేముందే పిల్లల పుట్టినరోజులు, స్కూలు ఫంక్షన్లు క్యాలెండర్‌లో కొట్టేయమనండి. ప్రతి ప్రోగ్రాం డబ్బులోంచి ఆషాఢం కోసం కొంత మీ చేతికే ఇమ్మనండి, ఆయన జేబులో ఉంటే పెట్రోలైపోతుంది.

ప్రశ్న: రాక్ గాయకుల్లా గరుకు గొంతు రావాలంటే రోజూ గట్టిగా అరిచి సాధన చేయాలా?
— డిగ్రీ విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: వద్దు నాయనా. అరిస్తే వచ్చేది గరుకు కాదు, స్వరపేటికలో కాయలు. స్టేజీ మీద మీ గొంతు మీకు వినపడకపోతే తెలియకుండానే అరుస్తారు, అందుకే మానిటర్ స్పీకర్ లేకుండా పాడొద్దు. బొంగురు రెండు మూడు వారాలు దాటితే కషాయాలు కట్టిపెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. సీగర్ 2019 నవంబరులో, 74 ఏళ్ల వయసులో ఆఖరి టూర్ ముగించాడు. అంతకు రెండేళ్ల ముందు ఒక టూర్‌ని మధ్యలో ఆపాల్సి వచ్చింది, అదీ గొంతు వల్ల కాదు, వెన్నుపూస వల్ల.