పాత బ్యాటరీ గురించి లహరికి

అమ్మా లహరీ,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "పెదనాన్నా, మా రేసింగ్ టీమ్ పాత బ్యాటరీ ప్యాక్ ల్యాబ్‌లో మూలపడి ఉంది, పుదుపేటలో మీకు తెలిసినవాళ్లకి అమ్మిపెట్టండి, ఆ డబ్బుతో టైర్లు కొనుక్కుంటాం" అన్నావు. పుదుపేటలోనే కాదు, చెన్నైలో ఏ కాయలాన్ కడైకీ, అంటే తుక్కు దుకాణానికీ, దాన్ని ఇవ్వద్దు. నలభై ఏళ్లు తుక్కు వ్యాపారం చేసినవాణ్ణి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అంబత్తూరులో మన షెడ్డు నీకు గుర్తుండే ఉంటుంది. ఒకసారి పాత సామాను లోడులో ఎలక్ట్రిక్ స్కూటర్ ప్యాక్ ఒకటి కలిసి వచ్చింది. పైన అల్యూమినియం పెట్టె ఉంది, విడదీస్తే మంచి ధర వస్తుందని మా కుర్రాడు ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. నేను కాటా దగ్గర ఉన్నాను. ముందు 'స్' మని చిన్న చప్పుడు, ఆ వెంటనే నెయిల్ పాలిష్ లాంటి తియ్యటి వాసన. అదేమిటో బుర్రకెక్కేలోపే తెల్లటి పొగ కమ్మేసింది. ఒక్కో సెల్లూ టపాకాయలా పేలుతూ పక్కదాన్ని అంటించింది. నీళ్లు పోస్తే ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకుంది. కుర్రాడి చెయ్యి మోచేతి దాకా కాలింది. వైద్యం నేనే చేయించాను. అయినా లోడు సరిగ్గా చూడకుండా లోపలికి రానిచ్చిన తప్పు నాదే. ఇప్పటికీ ఆ వాసన గుర్తొస్తే నాకు చేతులు వణుకుతాయి.

స్కూటర్ ప్యాకే అంత పని చేసింది. కాలేజీ పిల్లలు సొంతంగా కారు కట్టే పోటీ కదా మీ ఫార్ములా స్టూడెంట్, ఆ కారుకి రూల్స్ ప్రకారం 600 వోల్టుల దాకా పెట్టుకోవచ్చని నువ్వే చెప్పావు. అందుకే మొదటి పని, మీ ఫ్యాకల్టీ సార్ పక్కన ఉండగా ప్యాక్‌ని మాడ్యూళ్లుగా, అంటే కొన్ని సెల్లుల చొప్పున చిన్న కట్టలుగా విడదీసి, కరెంటు తాగే పరికరానికి తగిలించి నెమ్మదిగా డిశ్చార్జ్ చేయించు. ఒక్కో సెల్లు వోల్టేజీ కొలిచి నోట్‌బుక్‌లో రాయించు. యూట్యూబ్‌లో చూసి ఉప్పునీళ్లలో మాత్రం ముంచవద్దు. టెర్మినళ్లు తుప్పుపట్టి తినేస్తాయి, లోపల చార్జ్ అలాగే మిగిలిపోవచ్చు. అప్పుడు మీటరు చూపించే అంకెను నమ్మడానికి లేదు. ఉబ్బిన సెల్లు కనిపిస్తే ఎవరినీ ముట్టుకోనివ్వకు. ఆ పని అలవాటున్న వాళ్లని పిలిపించండి.

ఇక స్పాన్సర్ సంగతి. లోహాలు రీసైకిల్ చేసే కంపెనీని అడుగుదామన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. బెల్జియంలో యుమికోర్ అని ఒక కంపెనీ ఉంది. దాని మూలం కాంగోలో ఉంది. కటంగా రాగి గనుల కోసం 1906లో పెట్టిన యూనియన్ మినియేర్ అది. అమెరికా అణుబాంబు తయారీకి యురేనియం వెళ్లిన షింకొలోబ్వే గని కూడా వాళ్లదే. 1960ల్లో కాంగో ప్రభుత్వం గనులన్నిటినీ జాతీయం చేసింది. గనులు తవ్వి బతికిన కంపెనీ కాలక్రమంలో లోహాల శుద్ధికి, తుక్కుకి మళ్లింది. 2001లో పేరు మార్చుకుంది. ఇప్పుడు ఆంట్‌వెర్ప్ పక్కన హోబోకెన్‌లో పాత సర్క్యూట్ బోర్డుల్లాంటి వాటి నుంచి 17 రకాల లోహాలు తీస్తారు. మనం రాగి, ఇత్తడి, అల్యూమినియం వేరు చేయడానికే రోజంతా కూర్చునేవాళ్లం, 17 అంటే ఊహించుకో! అదే ఫ్యాక్టరీ పక్కన పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా తేలి పెద్ద గొడవ అయింది, చుట్టుపక్కల ఇళ్లు కొంటామని కంపెనీ ముందుకు రావాల్సి వచ్చింది. ఎంత పేరున్న రీసైక్లరైనా పొగ, బూడిద ఎక్కడికి పోతున్నాయో అడగాలమ్మా.

ఆ కంపెనీ రేసుల్లోకి ఎలా వచ్చిందో చూడు. బెల్జియంలోని ల్యూవెన్ ఊరి విద్యార్థులు ఆస్ట్రేలియాలో డార్విన్ నుంచి అడిలైడ్ దాకా జరిగే సౌర కార్ల పోటీకి తయారు చేసిన కార్లకి డబ్బు పెట్టింది. వాటికి యుమికార్ అనే పేరు. మీలాంటి పిల్లలే. తర్వాత ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసులు. 2014లో అది మొదలైనప్పుడు ఒక బ్యాటరీతో రేసు పూర్తయ్యేది కాదు, డ్రైవర్లు మధ్యలో దిగి ఇంకో కారు ఎక్కేవాళ్లు. అంటే డ్రైవరుకి రెండు కార్లు, రెండు బ్యాటరీలు. 2018-19 సీజన్‌లో రేసంతా లాగే కొత్త బ్యాటరీ వచ్చాక ఆ పాతవన్నీ ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. వాటిని రీసైకిల్ చేసే పని యుమికోర్ తీసుకుంది.

కాబట్టి రీసైక్లర్ దగ్గరికి వెళ్లినప్పుడు కారు మీద లోగో వేస్తామని మొదలుపెట్టకు. మీ ప్యాక్ వివరాలు చేతిలో పెట్టు. సెల్లులో ఉన్న కెమిస్ట్రీ ఏమిటి, ఎన్ని సెల్లులు, ఎంత బరువు, ఎన్నిసార్లు చార్జ్ అయింది. నికెల్, కోబాల్ట్ ఉన్న సెల్లు అయితే వాళ్ల ముఖం వెలిగిపోతుంది. ఐరన్ ఫాస్ఫేట్ రకం సెల్లు అయితే అందులో ఆ రెండూ ఉండవు, ఎదురు మీరే డబ్బు కట్టాల్సి వచ్చినా ఆశ్చర్యపోకు. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకే ఇవ్వు, రసీదు తీసుకో. లిథియం కూడా తీస్తారా అని అడుగు. కొలిమిలో కరిగించే పద్ధతిలో కోబాల్ట్, నికెల్, రాగి ఒక ముద్దగా వస్తాయి, లిథియం చిట్టెంలోకి, అంటే కొలిమిలో మిగిలే మడ్డిలోకి పోతుంది. ఆ చిట్టెం ఏం చేస్తారో చెప్పగలిగినవాడు పని తెలిసినవాడు.

అన్నిటికంటే ముఖ్యంగా, కొత్త ప్యాక్ డిజైన్ గీసే ముందే వాళ్ల యార్డుకి మీ టీమ్‌ని తీసుకెళ్లు. సెల్లుల మధ్య జిగురు పోసేసిన ప్యాక్‌ని విప్పడానికి మనిషి ఎంత అవస్థ పడతాడో కళ్లతో చూస్తే, సెల్లుల్ని కలిపే లోహపు పట్టీని, అదే బస్‌బార్‌ని, వెల్డ్ చేయాలా బోల్టు పెట్టాలా అన్నది మీరే తేల్చుకుంటారు. కోయంబత్తూరు రేసులో జడ్జీలు అడిగినా చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది.

ఆదివారం వస్తానన్నావు కదా, మీ పెద్దమ్మ గోంగూర తెప్పిస్తానంది. ఆ ప్యాక్‌ని మాత్రం కారు డిక్కీలో వేసుకుని రావద్దు. సోమవారం నేనే మీ కాలేజీకి వస్తాను. సార్‌తో మాట్లాడి ఉంచు.

మీ పెదనాన్న