ఆర్ల్ యాంఫీథియేటర్ ఇన్నేళ్లు ఎలా నిలిచింది?

రోమన్ల కాలం నాటి యాంఫీథియేటర్లలో (మధ్యలో ఆట బరి, చుట్టూ మెట్ల వరుసలు ఉండే బహిరంగ కట్టడాల్లో) చాలావాటిని జనం రాళ్ల కోసం ఊడబెరుక్కుపోగా, కొన్ని మాత్రం ఎలా మిగిలాయని మీరు అడిగారు. ఒక్కో కట్టడానిది ఒక్కో కథ. నేను దగ్గరగా చూసింది దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో ఉన్నదాన్ని కనుక దాని గురించే చెబుతాను. మార్సేయ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో అక్కడికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి, వరుసగా సాగిన కమానుల మీద మొరటుగా లేచిన ఒక నలుపలకల బురుజును చూసి, అందమైన కట్టడాన్ని ఎవరో తరువాత పాడుచేశారని విసుక్కున్నాను. మీ ప్రశ్నకు జవాబు ఆ బురుజులోనే ఉందని అప్పటికి నాకు తెలియదు.

మార్సేయ్ ముట్టడిలో జూలియస్ సీజర్‌కు ఓడలు కట్టి ఇచ్చిన ఊరు ఆర్ల్. ఆ తరువాత, క్రీ.పూ. 46లో, అది అతని ఆరవ లీజియన్ (రోమన్ సైన్యంలోని ఒక పెద్ద దళం) మాజీ సైనికులకు స్థావరమైంది. యాంఫీథియేటర్ మాత్రం క్రీ.శ. 90 ప్రాంతంలో, అంటే రోమ్‌లో కొలోసియం తెరుచుకున్న దాదాపు పదేళ్లకు వచ్చింది. దీర్ఘవృత్తాకారంలో ఉన్న ఈ కట్టడం పొడవు సుమారు 136 మీటర్లు, వెడల్పు సుమారు 107 మీటర్లు. బయటి గోడలో రెండు అంతస్తులు, అంతస్తుకు 60 కమానులు ఉన్నాయి. స్తంభాలకు కింది వరుసలో నిరాడంబరమైన డోరిక్ శైలిని, పై వరుసలో ఆకుల చెక్కడాలుండే కొరింథియన్ శైలిని వాడారు. ఆ పైన ఉండవలసిన పిట్టగోడ వంటి భాగం పోయింది. దగ్గరలోనే ఉన్న నీమ్ యాంఫీథియేటర్‌లో అది ఇంకా ఉంది కనుక, రెండూ చూస్తే ఆర్ల్ పోగొట్టుకున్నదేమిటో తెలుస్తుంది. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది కింది నడవ పైకప్పు. రోమన్ కట్టడమనగానే అర్ధచంద్రాకారపు కప్పును ఊహించుకుంటాం, కానీ ఇక్కడ భారీ రాతి పలకలను అడ్డంగా పరిచారు. జూలై ఎండలో బయట రాయి కాలిపోతున్నా ఆ పలకల కింద చల్లగా ఉంది. ఇరవై వేల మందిని 34 వరుసల మెట్ల మీదికి చేర్చి, ఆట ముగిశాక తొక్కిసలాట లేకుండా బయటికి పంపిన ఏర్పాటంతా ఈ నడవలూ, వాటిలోనుంచి పైకి చీలిపోయే మెట్ల దారులూనే.

పశ్చిమ రోమన్ సామ్రాజ్యం కూలిన తరువాత ఊరికి రక్షణ కరువైంది. అప్పుడు జనం ఈ కట్టడాన్నే కోటగా మార్చుకున్నారు. నాలుగు బురుజులు లేపారు. లోపల రెండు వందలకు పైగా ఇళ్లు, రెండు చిన్న చర్చిలు, ఒకప్పుడు జనం వినోదం కోసం గ్లాడియేటర్లనే యోధులు పోరాడిన చోట ఊరి కూడలి వెలిశాయి. మెట్ల రాళ్లను పీకి ఇళ్లకు వాడుకున్నారు గానీ, బయటి గోడే తమ ప్రాకారం కనుక దాన్ని కూల్చుకోలేదు. అక్కరకు రాని రాయిని ఊరు వదలదు, అక్కరకు వచ్చిన గోడను మాత్రం కాపాడుకుంటుంది.

ఇళ్ల తొలగింపు 1825లో మొదలైంది. 1830లో, ఫ్రెంచి సేనలు అల్జీర్స్‌ను పట్టుకున్న సందర్భంగా, ఖాళీ అయిన బరిలో ఎద్దుల పోటీ జరిపారు. అక్కడ ఎద్దుల ఆటలు నేటికీ సాగుతున్నాయి. ఆ తొలగింపును అందరూ మెచ్చుకుంటారు గానీ నాకు కొంచెం బాధగానే ఉంటుంది. రోమన్ రాయి బయటపడడం కోసం అనేక తరాల కాపురాల ఆనవాళ్లను తుడిచేశారు. ఈ రోజైతే కనీసం ఒక వీధినైనా అలాగే ఉంచమని పురావస్తువాళ్లు పట్టుబట్టేవారేమో. నాలుగు బురుజుల్లో ఇప్పుడు మూడు మిగిలాయి. 1981లో యునెస్కో ఆర్ల్ రోమన్ కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇదీ అందులో ఉంది.

మీరు వెళ్లేటట్లయితే నాలా చేయకుండా, ముందుగా బురుజే ఎక్కండి. ఒకవైపు బరి, మరోవైపు గోడకు ఆనుకున్నట్టే ఉన్న పెంకుటిళ్లు, వాటి వెనుక రోన్ నది కనిపిస్తాయి. ఆ ఇళ్లు ఒకప్పుడు గోడకు ఇవతల కూడా ఉండేవని అక్కడ నిలబడితేనే నాకు నమ్మకం కుదిరింది.